అన్న రాసిన సాక్ష్యం

కరీంనగర్,
11 జూన్ 2023

తమ్ముడు సంపత్‌కు బాలమల్లు రాసేది.

నిన్ను ఇచ్చోడలో కృపా నివాసం గేటు దగ్గర దింపి వచ్చి ఆరు దినాలైంది. అక్కడ ఫోన్ ఉండదని, మొదటి మూడు నెలలు ఎవరినీ కలవనియ్యరని, ఉత్తరాలు మాత్రం రాసుకోవచ్చని ముందే చెప్పిన్రు. అయినా మనసు ఆగక మొన్న వార్డెన్ రామచంద్రం అయ్యగారికి ఫోన్ చేసిన. నీకు వంకాయ పడదని, ఎడమ పక్కకు పండుకుంటే గుండె దడ వస్తదని, పొద్దున గట్టిగా పిలిచి లేపొద్దని చెప్పిన. ఆయన అంతా విని, "మీ తమ్మునికి నోరు లేదా?" అన్నడు. మొరటు మనిషి లెక్కున్నడు. నువ్వు మనసులో పెట్టుకోకు.

సంచి అడుగున దుప్పటి మడతలో రెండు సబ్బులు పెట్టిన. ఎవరన్నా అడిగితే తాగుడు అవ్వ చనిపోయినంక మొదలైందని చెప్పు. అంతకు ముందు సంగతి వాళ్లకు అవసరం లేదు. బండి సంగతి అసలే ఎత్తకు.

శనివారం జమ్మికుంట పోయి గంగుబాయి అక్కను చూసి వచ్చిన. ప్రతి నెల లెక్కనే బియ్యం, నూనె ఇచ్చిన. పెట్టుడు కాలు ఒరుసుకుంటున్నదని తీసి గోడకు ఆనించి పెట్టుకున్నది. మార్కెట్ యార్డులో పత్తి ఏరేటి పనికి మళ్లీ పోలేనని తెలిసిపోయింది ఆమెకు. ఆ దినం తనను గుద్దిన బండి నడిపింది నేనే అని ఇప్పటికీ నమ్ముతది. పోలీసులు నమ్మిన్రు, కోర్టు నమ్మింది, నేను మూడు నెలలు జైల్లో ఉండి వచ్చిన. పోయిన ఏడాది వాడకట్టోళ్ల ముందట నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "నీ మీద నాకు కోపం లేదు పో" అన్నది. ఆ సంగతి మన మందిరంలో ఆదివారం ఆరాధనప్పుడు సాక్ష్యంగా చెప్తే అందరూ ఏడ్చిన్రు. ఇదంతా నీకు తెలిసిందే. నీ కోసం ఇంత చేసినోడు ఒకడున్నడని యాది పెట్టుకుంటవని రాస్తున్న.

పొద్దుమాపు నీ కోసం ప్రార్థన చేస్తున్న. జవాబు రాయి.

అన్న,
బాలమల్లు

*

ఇచ్చోడ,
25 జూన్ 2023

అన్నా,

సబ్బులు దొరికినయ్. ఒకటి నేను వాడుతున్న, ఒకటి ఎవడో వాడుతుండు.

ఈడ పద్నాలుగు మందిమి. పొద్దుగాల అయిదింటికి లేపుతరు. పాట, ప్రార్థన, జొన్న రొట్టె, అటెన్క చేనుల పని. రామచంద్రం సారు ఎన్కట బస్సు కండక్టరట. తాగి నౌకరి పోగొట్టుకున్నడట. ఆయనే చెప్పిండు, సిగ్గు పడకుంట. పాట పాడనీకి నిలబడ్డా "జర ముందుకు జరుగున్రి, ఎనకాల ఖాళీ పెట్టకున్రి" అంటడు. నాకు నవ్వొస్తది. వంకాయ రోజు వండుతుండ్రు. నువ్వు ఫోన్ చేసినంకనే మొదలువెట్టిన్రని నా అనుమానం.

చేతులు వణుకుడు తగ్గింది. నిద్ర ఇంకా పడుతలేదు.

ఒక పని పడ్డదన్నా. జూలై ఆఖరి ఆదివారం నా వంతు సాక్ష్యం. అందరి ముందట నిలబడి నేను ఎట్లుంటి, ఏం చేసిన, దేవుడు నాకు ఏం చేసిండు అని చెప్పాలె. కాగితం పెన్ను ఇచ్చిన్రు. మూడు దినాల సంది "నా పేరు సంపత్" కాడనే ఉన్న. నువ్వు రాసి పంపు. నేను పది చదివిన, నువ్వు నాలుగో తరగతి కాడ బడి ఇడిసి కాంటా చీటీలు చూసుకుంట చదువు నేర్చుకున్నోనివి. అయినా మన ఇంట్ల రాతంటే నీదే. బడిల నా సెలవు చీటీ నువ్వే రాసినవ్, కంపెనీల నా క్షమాపణ కాగితం నువ్వే రాసినవ్. గిది సుత రాయి. జర ఏడుపొచ్చేటట్టు రాయి. మంచిగ చెప్పినోళ్లకు ఇంటికి ఫోన్ చేసుకోనిస్తరట.

వదినెను అడిగినట్టు చెప్పు.

సంపత్

*

కరీంనగర్,
8 జూలై 2023

తమ్మీ,

నాలుగు పేజీలు రాసిన, ఇందులో పెట్టిన. మూడుసార్లు చింపి రాసిన. కంపెనీలో కాంటా దగ్గర లారీలు నిలబడి హారన్ కొడుతుంటే కూడా ఇదే ఆలోచన. బరువు తప్పు రాసి మాటపడ్డ, అయినా ఫికర్ లేదు.

రోజుకు రెండుసార్లు బయటికి చదువు. గీత గీసిన దగ్గర ఆగు. అవ్వ పేరు వచ్చినప్పుడు తల దించు, కండ్లు తుడుచుకోకు, కారనియ్యి. ఆఖరున "ఆమెన్" నువ్వు అనకు, వాళ్లను అననియ్యి.

బండి సంగతి ఇందులో లేదు.

అన్న

*

ఇచ్చోడ,
2 ఆగస్టు 2023

అన్నకు,

చదివిన. నువ్వు చెప్పినట్టే గీత కాడ ఆగిన, తల దించిన. మొదటి పేజీ మంచిగనే పోయింది. రెండో పేజీల "అగాధములో నుండి" అని చదివితే ఉట్నూర్ పిలగాడొకడు "అదేడున్నది, ఏ మండలం?" అన్నడు. అందరు నవ్విన్రు. పోనీ అనుకున్న.

మూడో పేజీల నువ్వు ఏం రాసినవో నీకు యాదికున్నదా? నేను చూసుకోలే. సదువుకుంట పోయిన. "నా తమ్ముడు తాగి వచ్చిన ప్రతిసారి నేను దేవుని సన్నిధిలో కన్నీళ్లు విడిచితిని" అని గట్టిగ చదివిన.

రామచంద్రం సారు లేచి, "సంపత్, నీకు తమ్ముడున్నడా?" అని అడిగిండు.

"లేడు సార్, నేనే చిన్నోన్ని" అన్న.

పదమూడు మంది కింద పడి నవ్విన్రన్నా. వంటామె కిటికీలకెళ్లి తొంగి చూసింది. సారు నవ్వలే. కాగితాలు తీసుకుని నిలబడే మొత్తం చదివిండు. "దీంట్ల తాగినోడు ఒక్కసారి వచ్చిండు. అన్న పదకొండు సార్లు వచ్చిండు" అన్నడు. నన్ను పక్కకు పిలిచి ఇంకో మాట చెప్పిండు. నీకు రాయమన్నడు, రాస్తున్న. "నువ్వు బాగుపడితే మీ అన్న ఏం పని చేస్తడు?"

అప్పటి సంది ఈడ నా పేరు తమ్ముడు. గిన్నె ఇయ్యాల్నన్నా తమ్ముడు, గడ్డపార ఇయ్యాల్నన్నా తమ్ముడు.

నాకు నీ మీద మండిపోతున్నది. మండిపోతుంటే యాదికొచ్చింది, రాస్తున్న. కరోనా రాక ముందటి ఏడు, బతుకమ్మ అయినంక నేను నలభై రెండు దినాలు చుక్క ముట్టలే. ఏ నివాసం లేదు, ఏ సారు లేడు. నా అంతల నేనే. రామగుండంల వెల్డింగ్ పని దొరికింది. సోమవారం పోవాలె. శనివారం సాయంత్రం నువ్వు క్వార్టర్ పట్టుకొచ్చినవ్. "వణుకుతున్నవ్ తమ్మీ, ఒక్కటి తాగు, మందు లెక్క" అన్నవ్. నేను వణుకుతలేను అన్నా. ఆ దినం చలి సుత లేదు.

సోమవారం నేను లేవలే. నువ్వు రామగుండం ఫోన్ చేసి నాకు పచ్చకామెర్లని చెప్పినవ్. నేను పండుకునే విన్న. అంత హుషారుగ నువ్వు మాట్లాడంగ నేను ఎన్నడు వినలే.

సంపత్

*

కరీంనగర్,
20 ఆగస్టు 2023

సంపత్‌కు,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలు. జవాబు రాయకుండ ఇన్ని దినాలు నేను ఎప్పుడూ ఉండలే.

నువ్వు రాసింది నిజం. నువ్వు వణుకుతలేవు. నా రోజు పుస్తకంలో ఆ శనివారం తీసి చూసిన. "తమ్మునికి ఒంట్లో బాగలేదు" అని రాసి ఉన్నది. నేను తప్ప ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్న.

నువ్వు తాగి వాకిట్లో పడ్డ దినం నాకు ఎన్నడూ కోపం రాలే. తాగకుండ ఉన్న ఆ నలభై రెండు దినాలు వచ్చింది. పొద్దున లేచి నీ దగ్గరికి వచ్చి నోరు వాసన చూసే అలవాటు నాకు. వాసన లేకపోతే ఇంక ఏం చెయ్యాలో తోచేది కాదు. నీ అంతట నువ్వు అంగీ ఉతుక్కుంటుంటే చూడబుద్ధి కాలే. మీ వదినె పద్మలతకు నిరుడు జ్వరం వచ్చి నాలుగు దినాలు పడుకున్నది. ఆమె నుదురు మీద చెయ్యి పెట్టి చూసిన యాది లేదు నాకు.

ఆగస్టు మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఆరాధన. ముత్తయ్య పాస్టర్ గారు రొట్టె పళ్లెం పట్టుకొని నా ముందట నిలబడ్డడు. నా చెయ్యి లేవలే. ఆయన కొంచెంసేపు చూసి పక్కనోళ్లకు పోయిండు. అందరూ పోయినంక మొత్తం చెప్పిన. నువ్వు ఫోన్ చేస్తే దగ్గర్లోనే ఉన్న నేను జమ్మికుంట రోడ్డు మీదికి ఉరికి వచ్చుడు, నిన్ను చేన్లకెళ్లి పంపించుడు, గంగుబాయి అక్క అరుస్తుంటే నేను పోయి స్టీరింగు ముందట కూసునుడు. జైలు. ఆమె నా నెత్తి మీద చెయ్యి పెట్టుడు. క్వార్టర్ సీసా.

నన్ను మెచ్చుకుంటడని లోపల ఎక్కడో ఉన్నది. ఆయన, "వాని కోసం చచ్చిపోయినాయన ఒకాయన ఉన్నడు బాలమల్లూ. ఆ పని అయిపోయింది. ఆయన పక్కన నువ్వు ఇంకో సిలువ పాతుకున్నవ్. ఎవరు అడిగిన్రు నిన్ను?" అన్నడు. ఇరవై ఏండ్ల నుండి ప్రార్థనలో నీ పేరు ఎత్తుతున్న. నా ముందటనే ఎత్తిన, దేవుని ముందట కాదు. అది ఇప్పుడు తెలుస్తున్నది.

గంగుబాయి అక్కకు నిజం చెప్త. మందిరంలో చెప్త. ఠాణాలో చెప్త. నిన్ను అడుగుతలేను. ముందుగా తెలుపుతున్న.

బాలమల్లు

*

ఇచ్చోడ,
29 ఆగస్టు 2023

అన్నా,

నీకు పిచ్చి పట్టింది. ఆ పాస్టర్ పట్టిచ్చిండు.

ఇప్పుడు చెప్తే ఎవ్వరికి ఫాయిదా? నన్ను జైల్ల వేస్తే ఆమెకు కాలు మొలుస్తదా? నువ్వే కూసున్నవ్ స్టీరింగు ముందట. నేను కూసోమన్ననా? నేను రోడ్డు పక్కకు కక్కుకుంట ఉన్న. "ఉరుకు, నేను చూసుకుంట" అన్నది నువ్వు. ఉరికిన. నువ్వు ఏది చెప్తే అది చేసిన, పుట్టిన కాడికెళ్లి. ఇప్పుడు నీకు పుణ్యం కావాల్సి వచ్చింది, నన్ను తీసుకపోయి ఇస్తున్నవ్. ముందట నన్ను మోసి మంచోనివి అనిపిచ్చుకున్నవ్. ఇప్పుడు నన్ను దించి మంచోనివి అనిపిచ్చుకుంటవ్. నీ ఏసు నీకు మస్తు దుకాణం పెట్టిచ్చిండు.

నువ్వు చెప్పిన దినం నేను ఈడికెళ్లి ఎల్లిపోత. తాగుత. తాగి ఏడనో పడి సస్త. దవాఖానల పీనుగను చూసి "నా తమ్ముడే" అని సంతకం పెట్టనీకి నువ్వే రావాలె. అది సుత నీకు సంబురమే కావచ్చు.

అన్నా, కోపంల రాసిన. చింపి మళ్ల రాయనీకి కాగితం లేదు. నాకు భయమైతున్నది. అవ్వ పోయేటప్పుడు నా చెయ్యి నీ చేతిల పెట్టింది. నేను చిన్నోన్ని. నన్ను ఇడువకు.

సంపత్

*

కరీంనగర్,
24 సెప్టెంబర్ 2023

సంపత్‌కు,

నీకు ముప్పై ఆరేండ్లు.

పదహారో తారీఖు శనివారం జమ్మికుంట పోయిన. గంగుబాయి అక్క గడపలో కూసోని ఎండుమిరపకాయల తొడిమెలు తీస్తున్నది. బియ్యం సంచి దించంగనే చాయ్ పెడ్తనన్నది. వద్దన్న. "అక్కా, ఆ దినం బండి నేను నడుపలే" అన్న.

చెయ్యి ఆపలే. "మరెవడు నడిపిండు?"

"నా తమ్ముడు. తాగి ఉండె."

"ఏడున్నడు వాడు?"

"ఇచ్చోడ దిక్కు. తాగుడు మానిపిచ్చే దగ్గర పెట్టిన."

"వానికి మానిపిచ్చే సోటు చూసినవ్" అన్నది. ఇంకో నాలుగు కాయలు తీసింది. "రెండేండ్ల సంది వచ్చి నా ముందట కూసుంటున్నవ్. మొదట నిన్ను తిట్టిన. మన్ను పోసిన. పొద్దుగాల లేచి నీ పేరు మీద ఉమ్మేసి మొఖం కడుక్కునేది. అది ఇడిసిపెట్టనీకి నాకెంత కష్టమైందో నీకు తెల్వదు. అందరి ముందట నీ నెత్తి మీద చెయ్యి పెట్టిన. ఆ చెయ్యి నాకెట్ల వాపస్ ఇస్తవ్ చెప్పు."

"నాది తప్పే అక్కా" అన్న.

"వాడు తాగి నా కాలు తీసుకపోయిండు. నువ్వు తెలివి మీద ఉండి తీసుకపోయినవ్" అన్నది. ఆ తరువాత, "నీ దేవుడు చెప్పమన్నడా?" అని అడిగింది. అవునన్న. "మరి రెండేండ్లు ఆయన పండుకున్నడా?" అన్నది.

నేను లేచిన. బియ్యం సంచి ఎత్తుకోమన్నది. నూనె డబ్బా కూడా. వాడకట్టోళ్లు అరుగుల మీద నుండి చూస్తుంటే సంచి భుజాన పెట్టుకొని బస్‌స్టాండ్ దాకా నడిచిన. మళ్లీ ఆ గడప తొక్కొద్దని వెనక నుండి చెప్పింది. గట్టిగా చెప్పలే, మామూలుగా చెప్పింది.

తెల్లారి మందిరంలో నిలబడి, నిరుడు నేను చెప్పిన సాక్ష్యం అబద్ధమని చెప్పిన. ఆ దినం ఏడ్చినోళ్లు ఎవరూ ఏడువలే. ముందట వరుసలో ఒకామె పిల్లను తీసుకొని బయటికి పోయింది. సోమవారం ఠాణాలో కాగితం ఇచ్చిన. కోర్టుకు అబద్ధం చెప్పినందుకు నా మీద కూడా కేసు కావచ్చన్నరు. కానియ్యి. నువ్వున్న చోటు అడిగితే చెప్పిన.

పద్మలత అంతా విని, "ఇన్నేండ్లు మీ ఇద్దరి నడుమ నేనేమో అద్దెకుండే మనిషి లెక్క ఉన్న. ఇప్పుడు కూడా నాకు చెప్పకనే చేసినవ్ కదా" అన్నది.

ఈ పని చేస్తే మనసు తేలికైతదని అనుకున్న. కాలే. నాకు మిగిలింది ఏమన్నా ఉంటే అది ఒక్కటే, ప్రార్థనకు మోకరించినప్పుడు చెప్పనీకి కథ ఏం లేదు. ఊరికె మోకరిస్తున్న.

నువ్వు ఫోన్ చేస్తే ఎత్తను. నీ గొంతు వింటే నేను నిలబడలేను. ఏమన్నా ఉంటే రాయి.

బాలమల్లు

*

ఆదిలాబాద్,
9 అక్టోబర్ 2023

అన్నా,

ఫోన్ చేస్తే వదినె ఎత్తింది. "ఉత్తరం రాయమన్నడు" అని పెట్టేసింది. అందుకే రాస్తున్న.

పోలీసోళ్లు వచ్చి మాట్లాడ్తమని నివాసానికి ఫోన్ చేసిన్రు. నేను సంచి సదురుకున్న. సారు ఆపుతడనుకున్న. ఆయన పోయి గేటు తీసి పట్టుకున్నడు. "దిగేటోళ్లు దిగున్రి" అన్నడు. నేను బయట పది నిమిషాలు నిలబడ్డ. పిలువలే. గేటు ఏసుకున్నడు.

పదిహేడు వారాలు తాగలే అన్నా. అయిదు దినాల సంది తాగుతున్న. బస్‌స్టాండ్ పక్కన ఇబ్రాహీం భాయ్ హోటల్ల గిన్నెలు కడుగుతున్న, వెనక రేకుల కింద పండుకోనిస్తుండు. మంచి మనిషి. "మీ ఇంటోళ్లెవరన్న వచ్చేదాంక ఉండు" అన్నడు. మా అన్న వస్తడని చెప్పిన. రోజు నిర్మల్ దిక్కుకెళ్లి వచ్చే బస్సు ఆగంగనే, "వచ్చిండా మీ భాయ్?" అని అడుగుతుండు. అందరి ముందట అడుగుతుండు.

నెత్తురు పడుతున్నది వాంతిల. అబద్ధం కాదు.

నువ్వు రా. తిట్టు, కొట్టు, ఠాణాకే తీసుకపో. పోనీ, ఆమె కాడికి పోదమంటే సుత వస్త. నువ్వు మాట్లాడు, నేను పక్కన నిలబడ్త. అది సుత వద్దంటే ఆమెకు ఏం చెప్పాల్నో రాసి పంపు. బట్టీ పడ్త. ఈసారి ముందుగాల చదువుకుంట, తప్పు పోనియ్య.

శనివారం దాంక చూస్త.

నీ తమ్ముడు

*

కరీంనగర్,
14 అక్టోబర్ 2023

సంపత్‌కు,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. శుక్రవారం పొద్దున ఆదిలాబాద్ బస్సు ఎక్కిన. సంచిలో నీ అంగీ, లుంగీ, కడుపుమంట మందు. బస్సులో కూసోని, నువ్వు గంగుబాయి అక్కకు ఏం చెప్పాల్నో రెండు పేజీలు రాసిన. బాగా వచ్చింది. ఎక్కడ ఆగాల్నో గీతలు కూడా గీసిన.

జగిత్యాలలో బస్సు పావుగంట ఆగింది. దిగిన. మళ్లీ ఎక్కలే.

బస్‌స్టాండ్ బల్ల మీద కూసోని, "ప్రభువా, వాడు నీవాడు, నావాడు కాదు" అని చెప్పిన. గట్టిగానే చెప్పినట్టున్న, పక్కన కూసున్న ఆయన లేచి పోయిండు. అట్ల చెప్పినంక నాకు ఏడుపు వస్తదనుకున్న. రాలే. ఆకలైంది. నువ్వు అక్కడ నెత్తురు కక్కుకుంట పడి ఉన్నవేమో, ఈ పాటికి లేవేమో అనుకుంటనే పూరీ తిన్న. రెండోసారి కూర వేయించుకున్న. సంచి అక్కడ బిచ్చమెత్తుకునే ముసలాయనకు ఇచ్చిన. కాగితాలు చింపిన.

నేను రాను. ఇంటికి రాకు, వస్తే తలుపు తియ్య. ఇది పద్మలత మాట కాదు, పాస్టర్ గారి మాట కాదు, నాదే. నువ్వు చచ్చిపోతే ఇది రాసినందుకు నేను బతికినన్ని దినాలు కుములుత. అది తెలిసే రాస్తున్న. నీ చెయ్యి అవ్వ నా చేతిలో పెట్టింది నిజమే. నేను దాన్ని పట్టుకొని ఇరిచిన. ఇంకా నా దగ్గర ఉంటే అది అతకదు.

నెత్తురు పడుతుంటే ఆదిలాబాద్‌లో పెద్ద దవాఖాన ఉన్నది. హోటల్ నుండి నడిచి పోవచ్చు. ఇచ్చోడ బస్సు అక్కడనే దొరుకుతది. సారు గేటు వేసిండు గాని తాళం వేసిండని నువ్వు రాయలే.

ఇబ్రాహీం భాయ్‌కి చెప్పు, మా అన్న రాడు అని. నువ్వే చెప్పు.

ఆమెకు ఏం చెప్పాల్నో నేను రాయను. నువ్వు ఒక్కసారి కూడా ఆ ఇల్లు చూడలేదు కాబట్టి దారి మాత్రం రాస్తున్న. జమ్మికుంటలో దిగి మార్కెట్ యార్డు గోడ వెంబడి నడువు. గోడ అయిపోయినంక ఎడమకు మూడో ఇల్లు, రేకుల ఇల్లు, నీలం తలుపు. పొద్దున పూట ఒక్కతే ఉంటది. తలుపు కొట్టినంక జరసేపు నిలబడు. ఆమె లేచి వచ్చేసరికి సమయం పడుతది.

బాలమల్లు